పనిచోట శ్రేయస్సు – సానుకూల మనోవిజ్ఞానం: విశాఖ ఉక్కు కర్మాగారం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉద్యోగుల శ్రేయస్సు కోసం సానుకూల మనోవిజ్ఞాన భావనలను వినియోగించే ప్రయత్నాలు తరచుగా వ్యక్తి దృక్పథాన్ని మార్చడానికే పరిమితమవుతున్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ఉదాహరణగా స్వీకరించి అర్థం, ఆశ, ఆశావాదం అనే మూడు భావనలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పని ఇచ్చే అర్థం ఎంత బలమైనదైనా, ఆశకు అవసరమైన మార్గాలు కార్మికుని చేతిలో లేనప్పుడు శ్రేయస్సును వ్యక్తిగత బాధ్యతగా మాత్రమే భావించడం సరికాదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సానుకూల మనోవిజ్ఞానం, శ్రేయస్సు, మానసిక మూలధనం, ఆశ, మానసిక భద్రత, విశాఖ ఉక్కు.

1. ఉపోద్ఘాతం

మనోవిజ్ఞానం చాలాకాలం రుగ్మతలపైనే ఎక్కువగా దృష్టి నిలిపింది. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షునిగా ఉన్న మార్టిన్ సెలిగ్మన్, మనిషిలోని బలాలను, జీవితాన్ని జీవించదగినదిగా చేసే అంశాలను కూడా శాస్త్రీయంగా అధ్యయనం చేయాలని పిలుపునిచ్చాడు. సానుకూల మనోవిజ్ఞానం ఒక శాఖగా రూపుదిద్దుకోవడానికి అది నాంది. పనిచోటుకు ఈ శాఖను అన్వయించడంలో రెండు నమూనాలు ప్రసిద్ధమైనవి. సెలిగ్మన్ 2011లో ప్రతిపాదించిన ‘పెర్మా’ నమూనా సానుకూల భావావేశాలు, తన్మయత, సంబంధాలు, అర్థం, సాధన అనే ఐదింటిని శ్రేయస్సుకు మూలాంగాలుగా పేర్కొంటుంది. ఫ్రెడ్ లూథన్స్, ఆయన సహపరిశోధకులు అభివృద్ధి చేసిన ‘మానసిక మూలధనం’ అనే భావనలో ఆశ, ఆత్మసామర్థ్య విశ్వాసం, తట్టుకొని తిరిగి నిలబడే శక్తి, ఆశావాదం అనే నాలుగు అంశాలున్నాయి. శిక్షణ ద్వారా వీటిని పెంపొందించవచ్చన్నది ఈ భావన సారాంశం.

2. అర్థం: చరిత్ర ఇచ్చిన మూలధనం

‘అర్థం’ అంటే తన పని తనకన్నా పెద్దదైన ఒక ప్రయోజనంతో ముడిపడి ఉందన్న గ్రహింపు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఈ అర్థాన్ని చరిత్రే సమకూర్చింది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ నినాదంతో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేయగా, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దీనికోసం ఎన్నో గ్రామాల రైతులు తమ భూములను వదులుకున్నారు. బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టడంలోనూ ఆ కర్మాగారాన్ని ప్రజలు తమదిగా భావించిన తీరు కనిపిస్తుంది.

అయితే అర్థం రెండంచుల కత్తి. జంతుప్రదర్శనశాలల సంరక్షకులపై బండర్సన్, థాంప్సన్ 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పనిని జీవితధర్మంగా భావించినవారికి ఆ పనిలో ఎక్కువ అర్థం లభించింది. అదే సమయంలో జీతాన్ని, సొంత సమయాన్ని, సౌకర్యాన్ని త్యాగం చేయడానికీ వారు సిద్ధపడ్డారు. అందువల్ల వారిని వాడుకునే అవకాశమూ పెరుగుతుంది. కార్మికుని అభిమానాన్ని జీతభత్యాల బదులుగా లెక్కించే సంస్థ ఆ అభిమానాన్నే క్రమంగా కరిగించుకుంటుంది.

3. ఆశ: సంకల్పమూ మార్గమూ

వాడుకలో ఆశ అంటే కోరిక. చార్లెస్ స్నైడర్ సిద్ధాంతంలో అది ఒక ఆలోచనా విధానం. లక్ష్యాన్ని చేరగలనన్న సంకల్పబలం, దాన్ని చేరే మార్గాలను కనుగొనే సామర్థ్యం – ఈ రెండూ కలిస్తేనే ఆశ. ఒక దారి మూసుకుపోతే మరో దారి వెతకడం ఇందులో భాగమే.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్‌లో ప్రభుత్వ వాటాను నూరు శాతం ఉపసంహరించడానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కూర్మన్నపాలెం కూడలిలో మొదలైన రిలే నిరాహార దీక్షలు వెయ్యి రోజులు దాటాయి. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీని ప్రకటించింది. సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోవడం సంస్థ దీర్ఘకాలిక సమస్యల్లో ఒకటి. గనుల కేటాయింపు గాని, పెట్టుబడుల ఉపసంహరణ గాని ఫర్నేస్ దగ్గర పనిచేసే వ్యక్తి నిర్ణయించేవి కావు.

స్నైడర్ పరిభాషలో చూస్తే ఇక్కడ సంకల్పం సమృద్ధిగా ఉంది. మార్గాలు ఇతరుల చేతిలో ఉన్నాయి. ఇటువంటి స్థితిలో ‘ఆశ పెంచే’ శిక్షణ ఇచ్చి, ఫలితం రాకపోతే లోపాన్ని కార్మికుని మనస్తత్వంలో వెతకడం శాస్త్రీయం కాదు. మరోవైపు, దీక్షా శిబిరాన్ని అసంతృప్తికి చిహ్నంగా మాత్రమే చూడడం కూడా అసమగ్రమే. వ్యక్తిగా మార్గం దొరకనివారు సమష్టిగా మార్గం వెతకడం కూడా ఆశ రూపమే.

4. కొలిమి దగ్గర ఆశావాదం

ద్రవలోహం ఉష్ణోగ్రత సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ ఉండే చోట ‘ఏమీ కాదులే’ అన్న ధోరణి ప్రాణాంతకం. ఇతరులకు జరిగే కీడు తమకు జరగదని మనుషులు నమ్మే ధోరణిని నీల్ వైన్‌స్టీన్ 1980లోనే గుర్తించాడు. అందుకే లూథన్స్ బృందం వాస్తవికమైన ఆశావాదాన్నే కోరింది. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్‌లో విషవాయువు లీకు, అదే ఏడాది ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలిన దుర్ఘటన ఈ నగరం మరువలేనివి.

ప్రమాదకరమైన పనిలో ఆశావాదానికి తోడుగా ఉండవలసింది మానసిక భద్రత, అంటే తప్పును, అనుమానాన్ని భయం లేకుండా చెప్పగల వాతావరణం. ఆమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాలపై చేసిన అధ్యయనంలో, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లో నమోదైన పొరపాట్లే ఎక్కువగా కనిపించాయి. పొరపాట్లను దాచకుండా చెప్పగలగడమే అందుకు కారణమని ఆమె వివరించింది. అందువల్ల తక్కువ ఫిర్యాదులు నమోదైన విభాగమే ఆరోగ్యకరమైనదని భావించరాదు. ఉద్యోగ భద్రత లేని కాంట్రాక్టు కార్మికుడు లోపాన్ని ఎత్తిచూపడానికి మరింత వెనుకాడవచ్చు. అతనికి ఆ భరోసా ఇవ్వడం సంస్థ బాధ్యత.

5. అన్వయం

పైన చెప్పిన పరిమితులు సానుకూల మనోవిజ్ఞానాన్ని నిరాకరించడానికి కారణాలు కావు. ఆమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ 2001లో ప్రతిపాదించిన ‘పనిని మలచుకోవడం’ అనే భావనను ఇక్కడ ఉపయోగించవచ్చు. భద్రతా నియమాల వల్ల ఫర్నేస్ ఆపరేటర్ తన పని క్రమాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చుకోలేడు. కాని కొత్తగా చేరినవారికి పని నేర్పే బాధ్యతను స్వీకరించి తన పనిలోని సంబంధాలను విస్తరించుకోగలడు. ఇలా ఆపరేటర్ అనుభవానికి గౌరవం దక్కుతుంది, యువకునికి ఆత్మసామర్థ్య విశ్వాసం కలుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యంపై వెలువరించిన మార్గదర్శకాలు కూడా వ్యక్తికి ఇచ్చే సహాయంతోపాటు పని పరిస్థితులను మార్చే సంస్థాగత చర్యలను సిఫారసు చేశాయి. సకాలంలో జీతం, షిఫ్టుల మధ్య తగిన విశ్రాంతి, సంస్థ భవిష్యత్తుపై స్పష్టమైన సమాచారం శ్రేయస్సు కార్యక్రమానికి పునాదులు. ధ్యానం, కౌన్సెలింగ్ వంటివి ఆ పునాదిపై నిలవాలి గాని దానికి ప్రత్యామ్నాయం కారాదు.

6. ముగింపు

విశాఖ ఉక్కు ఉదాహరణ పరిశోధకుల ముందు ఒక పద్ధతిని ఉంచుతుంది. ప్రశ్నావళులతో కార్మికుని ఆశను కొలిచేటప్పుడు, ఆ ఆశకు సంస్థ తెరిచిన మార్గాలనూ కొలవాలి. శాశ్వత, కాంట్రాక్టు కార్మికుల స్కోర్లను కలిపివేయక విడివిడిగా విశ్లేషించాలి. అప్పుడు తక్కువ స్కోరు వ్యక్తి లోపానికి గుర్తుగా గాక, సరిదిద్దవలసిన పరిస్థితికి సూచికగా అర్థమవుతుంది.