పీడన విమోచకం

పాత బుల్లెట్టు మోటారు సైకిలును కిక్కుతో స్టార్టు చేయటం ఎందుకు కష్టం? 346 ఘన సెంటీమీటర్ల సిలిండరులోని గాలిని పిస్టను అణచవలసి ఉండటమే కారణం. ఘనపరిమాణం తగ్గితే పీడనం హెచ్చుతుంది గదా! అందుచేత హాండిలుపై ఒక చిన్న మీట అమర్చారు. దానిని నొక్కితే తీగ లాగబడి, ఎగ్జాస్టు కవాటం కొంచెం లేచి, గాలి బయటకు పోతుంది. పిస్టను పై అంచును దాటిన తరువాత మీటను వదలి కిక్కు కొట్టవలెను.

మీట వదలినపుడు తీగ కొంచెం వదులుగా ఉండవలెను. బిగిసి ఉంటే కవాటం పూర్తిగా మూతపడదు. ఆ సందులోనుంచి మండే వాయువులు దూసుకుపోయి కవాటపు అంచును కాల్చివేస్తాయి. ఇంజను బలమూ తగ్గుతుంది. పోగులు తెగిన తీగను వెంటనే మార్చవలెను. విమోచకాన్నే మార్చవలసివస్తే ఇంజను చల్లబడిన తరువాత, కవాటాలు రెండూ మూసి ఉన్న స్థితిలో మార్చి, తీగ వదులును మళ్ళీ సరిచూడవలెను.