గంప ఎత్తాలా... వద్దా?

పొద్దున్నే గంప ఎత్తగానే కోళ్లు పెరట్లోకి పరుగెడతాయి. పురుగులూ గింజలూ ఏరుకుతింటాయి. దాణా ఖర్చు తగ్గుతుంది. కుక్క, ముంగిస, గద్దల భయం ఎప్పుడూ ఉన్నదే. కానీ 2025 ఫిబ్రవరిలో ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్యనున్న బాదంపూడిలో బర్డ్‌ఫ్లూ బయటపడ్డాక భయం పెరిగింది.

నీటి పక్షుల రెట్టల్లో ఈ వైరస్ ఉండొచ్చు. శీతకాలంలో కొల్లేటికి వలస పక్షులొస్తాయి. అలాగని కోళ్లను ఏడాదంతా మూసిపెట్టక్కర్లేదు. చేపల చెరువు, కాల్వ వైపు పోకుండా వల కట్టండి. మేత, నీళ్లు చూరు కిందే పెట్టండి. కొక్కెర తెగులుకు టీకా వేయించండి. చుట్టుపక్కల కోళ్లు చనిపోతుంటే మాత్రం గంప ఎత్తకండి. వెంటనే పశువైద్యుడికి చెప్పండి. చచ్చినవాటిని కాల్వలో పారేయొద్దు.

మిగతా రోజుల్లో... పొద్దెక్కాక వదలండి, పొద్దువాలేలోపు మూసేయండి!