పెరటి టమోటా: నీటి క్రమము, విత్తన రక్షణ

నేడు టమోటా లేని వంటయిల్లు మన ప్రాంతమున కానరాదు. సంకటిలోనికి చేసుకొను పప్పునకైనను, విందులలో వడ్డించు దాల్చాకైనను ఇది కావలసినదే. తెలుగు ఇండ్లలో టమోటా అనియు, ఉర్దూ ఇండ్లలో టమాటర్ అనియు పిలుచుచున్నారు. పేరులో కొద్దిపాటి భేదమున్నను మొక్క ఒక్కటే. అయితే ఇది మన దేశపు మొక్క కాదు. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. దీనిని సాగుమొక్కగా తీర్చిదిద్దినవారు మెక్సికో ప్రజలు. వారి నవాటల్ భాషలోని 'టొమాటల్' అను మాటయే నేటి పేరునకు మూలము. 16వ శతాబ్దమున స్పెయిన్ దేశీయుల ద్వారా ఐరోపాకును, పిమ్మట ఐరోపావారి ద్వారా మన దేశమునకును చేరినది. తెలుగువారు దీనికి రామములగ, సీమవంకాయ అను పేర్లు పెట్టుకొన్నారు. ఆ పేర్లు శాస్త్రసమ్మతములే. వంగ, మిరప, ములక, బంగాళాదుంప, టమోటా అన్నియు ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. ఈ చుట్టరికమును పాఠకులు గుర్తుంచుకొనవలెను, ముందు దీనితో పని యున్నది.

బజారులో దొరకు వస్తువును పెరటిలో పెంచుట ఎందులకని కొందరు అడుగవచ్చును. టమోటా ధర నిలకడ లేనిది. 2023 జులై మాసమున మదనపల్లె మార్కెట్టులో మేలురకము కాయలు కిలో 150 రూపాయలు దాటినవి. అదే పంట మరియొక సమయమున కోతకూలి సైతము రాక రైతులు రోడ్ల ప్రక్కన పారబోయుటయు మనము ఎరుగుదుము. పెరటిలోని నాలుగు మొక్కలు రైతు కష్టమును తీర్చలేవు, మార్కెట్టును మార్చలేవు. కాని ఒక చిన్న కుటుంబమునకు కొన్ని వారముల కూర ఖర్చును తప్పించగలవు. అంతకంటె ముఖ్యముగా, నీటిని పొదుపుగాను క్రమముగాను వాడుటను, మన విత్తనమును మనమే నిలుపుకొనుటను నేర్పగలవు. పులివెందుల వంటి మెట్టప్రాంతమునకు ఈ రెండు విద్యలును అవసరములే.

ముందుగా రకము యొక్క ఎంపిక. విత్తనములు రెండు విధములు. ఒకటి సూటి రకము, రెండవది సంకరము, అనగా హైబ్రిడ్. రెండు వేరువేరు వంశములను కలిపి ప్రతిసారియు క్రొత్తగా పుట్టించునది సంకరము. దాని దిగుబడి అధికము. బెంగళూరు సమీపమున హెసరఘట్టలో నున్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన 'అర్క రక్షక్' అను సంకరము ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమాడు తెగులు అను మూడింటిని తట్టుకొనునదిగా పేరొందినది. అయితే సంకరపు పండ్లనుండి తీసిన గింజలు నాటినచో తల్లి గుణములు చెదరిపోవును. ఒక మొక్క ఒక తీరుగను, మరియొక మొక్క మరియొక తీరుగను కాయును. కనుక ఏటేటా విత్తనము కొనక తప్పదు.

సూటి రకము అట్లు కాదు. టమోటా పువ్వులో కేసరములు కీలమును గొట్టమువలె చుట్టుకొనియుండును. అందువలన చాలవరకు తన పుప్పొడితోనే తాను ఫలదీకరణము చెందును. ప్రక్కన వేరు రకమున్నను విత్తనము సాధారణముగా కలుషితము కాదు. అట్టి సూటి రకములలో పెరటికి మేము సూచించునది 'అర్క వికాస్'. పైని చెప్పిన సంస్థయే అమెరికా దేశపు 'టిప్ టాప్' అను రకమునుండి ఎన్నిక చేసి దీనిని రూపొందించినది. కాయ కొంచెము చదునైన గుండ్రని ఆకారము కలిగి సుమారు 80 నుండి 90 గ్రాముల తూకము తూగును. పచ్చికాయకు తొడిమవద్ద లేత ఆకుపచ్చ భుజములుండును. నీటి ఎద్దడిని కొంతవరకు ఓర్చుకొనుట దీని సుగుణము. మన ప్రాంతమునకు ఇంతకంటె కావలసిన గుణమేమున్నది?

రెండవది కాలనిర్ణయము. రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల నడుమ నున్నపుడు టమోటా పూత చక్కగా పిందె కట్టును. పగలు 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోవును. పండునకు ఎరుపు రంగునిచ్చు లైకోపీన్ అను పదార్థము సైతము 30 డిగ్రీలకు పైబడిన వేడిమిలో సరిగా ఏర్పడదు. వేసవి పండ్లు పసుపు చాయలో మిగిలిపోవుటకు కారణమిదియే. మన వేసవి 40 డిగ్రీలు దాటునను సంగతి చెప్పనక్కరలేదు. కనుక సెప్టెంబరు చివరినుండి అక్టోబరు లోపల నారు పోసినచో చలికాలమున పూత, ఎండలు ముదరకముందే పంట చేతికి వచ్చును.

నారు పోయుటకు అడుగున రంధ్రములున్న వెడల్పాటి పళ్లెము గాని పాత బొక్కెన గాని చాలును. మట్టి, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమభాగములుగా కలిపి నింపవలెను. గింజలను వేలెడు దూరమున, అర అంగుళము లోతున వేసి పలుచగా కప్పవలెను. 5 నుండి 8 దినములలో మొలకెత్తును. మొలచిన నాటినుండి నారుపై సన్నని నైలాన్ వల కప్పియుంచుట మంచిది. ఆకుముడత తెగులును మోసుకొనివచ్చు తెల్లదోమ లేతనారుమీదనే మొదట వ్రాలును. పసితనమున తెగులు సోకిన మొక్క ఎన్నటికిని కోలుకొనదు.

25 నుండి 30 దినముల నారును సాయంకాలమున నాటవలెను. నాటుచోటికి దినమునకు కనీసము ఆరు గంటల ఎండ తగులవలెను. ముందు చెప్పిన చుట్టరికము ఇచ్చట జ్ఞాపకము చేసుకొనవలెను. క్రిందటి పంటగా వంగ, మిరప, టమోటా పెరిగిన మడిలో మరల దీనిని నాటరాదు. బంధువులకు వచ్చిన తెగుళ్లు నేలలో దాగి దీనికిని సోకును. గుంటకు రెండు మూడు కిలోల చివికిన ఎరువు, ఒక పిడికెడు వేపపిండి కలిపి, మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు, వరుసకు వరుసకు రెండడుగులు ఎడముంచవలెను. కాండమును కొంత లోతుగా పూడ్చినచో ఆ భాగమునుండియు వేళ్లు పుట్టి మొక్క బలపడును. పెరుగుచున్నకొలది కర్ర పాతి గుడ్డపీలికతో వదులుగా కట్టవలెను. యూరియా ఎక్కువైనచో ఆకులే గాని కాయలుండవు.

ఇక ముఖ్యమైన విషయము నీరు. అనేకుల పెరళ్లలో కాయ అడుగుభాగమున నల్లని మచ్చ ఏర్పడి కుళ్లుట చూచుచుందుము. ఇది పురుగు వలన గాని, శిలీంధ్రము వలన గాని కలుగునది కాదు. కాయకు తగిన సున్నపు ధాతువు, అనగా కాల్షియం, అందకపోవుటయే కారణము. ఇది విన్న వెంటనే కొందరు మొక్క మొదట సున్నము పోయుదురు. కాని పులివెందుల, వేంపల్లె పరిసరముల రాళ్లు సున్నము, మెగ్నీషియం కలిగిన డోలమైట్ రాళ్లు. సాధారణముగా మన నేలలో సున్నమునకు కొదువ లేదు. కొదువయైనది క్రమము. సున్నపు ధాతువు వేళ్లనుండి కాయకు నీటితోనే ప్రయాణము చేయును. నాలుగు దినములు ఎండబెట్టి ఐదవ దినమున బిందెలకొలది కుమ్మరించినచో ఆ ప్రయాణము తెగిపోవును. కాయ అడుగు నల్లబడును, పండినవి పగులును. కుళాయిలో నీరు వచ్చిన దినమున అధికముగా పోయుట, రాని దినమున మానుట మన అలవాటు. ఆ నీటిని పట్టి నిలువయుంచి, దినమునకు పెద్ద మొక్కకు లీటరు మొదలు రెండు లీటర్ల వరకు ఉదయమున పోయుట మేలు. నీరు మొదటనే పోయవలెను, ఆకులు తడుపరాదు. తడిసిన ఆకులకు మచ్చతెగుళ్లు త్వరగా వచ్చును. మొక్క చుట్టును రెండంగుళముల మందమున వేరుశనగ పొట్టు గాని ఎండిన అరటాకులు గాని పరచినచో తేమ ఆరిపోదు. ఈ రెండును మన చేలలో, తోటలలో కావలసినంత దొరకును. బియ్యము, కూరగాయలు కడిగిన నీరు సైతము మొక్కకు పనికివచ్చును.

పురుగులకు వెంటనే విషపు మందులు చల్లనక్కరలేదు. కాయతొలుచు పురుగునకు బంతి ఎర. 25 దినముల టమోటా నారుతోపాటు 40 దినముల బంతి నారును నాటినచో రెండును ఒకేసారి పూతకు వచ్చును. తల్లిపురుగు బంతిపూలపై గ్రుడ్లు పెట్టును. పొలములో 16 వరుసల టమోటాకు ఒక వరుస బంతి చాలునని పైసంస్థవారే నిర్ణయించిరి. పెరటిలో రెండు మొక్కలు చాలును. పసుపు రంగు అట్టలకు ఆముదము పూసి వ్రేలాడదీసినచో తెల్లదోమ అంటుకొనును. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి చల్లవచ్చును. ఆకుముడత సోకిన మొక్కను జాలిపడక పీకివేయవలెను. పొగాకు, బీడీ ముట్టినవారు చేతులు కడుగుకొని గాని మొక్కను తాకరాదు. పొగాకునుండి మొజాయిక్ తెగులు చేతుల ద్వారా సంక్రమించును.

చివరిది విత్తనము. తెగులు లేని, బాగుగా కాచిన మొక్కనుండి రెండవ లేక మూడవ గుత్తిలోని పండును పూర్తిగా ఎర్రబారనీయవలెను. గుజ్జును గాజుపాత్రలో పిండి ఒకటి రెండు దినములు పులియనీయవలెను. గింజను చుట్టియున్న జిగురు మొలకను అడ్డగించును. అది పులిసి విడిపోవును. పిమ్మట నీటితో కడిగినచో గట్టిగింజలు అడుగునకు దిగును, తాలుగింజలు తేలిపోవును. గట్టివాటిని పింగాణి పళ్లెములో నీడన ఆరబెట్టి, సీసాలో పోసి, రకము పేరు, సంవత్సరము వ్రాసియుంచవలెను. చల్లని, పొడి చోటున మూడు నాలుగేండ్లు నిలుచును. రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనుటకు, నాటుకొనుటకు, ఇతరులకిచ్చుటకు 2001వ సంవత్సరపు మొక్కల రకముల రక్షణ, రైతు హక్కుల చట్టము హక్కునిచ్చినది. వాడని హక్కు క్రమముగా మరుగునపడును. విత్తనము తీయు విద్య ఒక తరమున తప్పిపోయినచో తరువాతి తరము దానిని కొనుటయే ఎరుగును.

ఈ సందర్భమున కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఏ కళాశాల ఆవరణలోనైనను చేతులు కడుగుకొను కుళాయిల నీరు వృథాగా పారుచునేయుండును. సబ్బు కలియని ఆ నీటిని ఒక తొట్టికి మళ్లించి, దాని ప్రక్కన ఒక వరుస అర్క వికాస్ నాటించినచో ఖర్చు స్వల్పము. వృక్షశాస్త్ర విద్యార్థులకు పరాగసంపర్కము, సంకరము అను పాఠములు కంటియెదుటనే కనబడును. ఏటేటా ఒక సీసా విత్తనము తీసి, విడిచిపోవు విద్యార్థినీ విద్యార్థులకు తలా పది గింజలు పంచవచ్చును. ఒక గ్రాములో సుమారు 300 గింజలుండును, కనుక నాలుగైదు పండ్ల గింజలు ఒక తరగతికి చాలును.

విద్యార్థి మిత్రులారా! రానున్న అక్టోబరులో ఒక పళ్లెము నారు పోయుడు. మొక్కకు వలసినది పుష్కలమైన నీరు కాదు, తప్పని నీరు. దినమునకు ఒక చెంబెడైనను మరువక పోయువానికి పులివెందుల ఎండలోనైనను టమోటా కాయును.