ఎంత కారినా తగ్గని పీడనం

బోధన్ నుంచి ఒక పాఠకుడు రాశారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి, నాలుగు మూలలా ఎయిర్ సస్పెన్షన్. రాత్రి నిలిపినప్పుడు బాగానే ఉంటుంది. తెల్లారేసరికి ముందు ఎడమ మూల టైరు మీదికి కూలబడి ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేస్తే కాసేపటికి లేచి నిలబడుతుంది. నిజామాబాద్‌లో ఒక షెడ్డులో చలికి గాలి ముడుచుకుంటోందని చెప్పి పంపేశారు. ఇంకో షెడ్డులో కంప్రెసర్ మార్చారు. ఆ కొత్త కంప్రెసర్ కూడా నెలల్లోనే కాలిపోయింది. ఇంతకీ పోయింది కంప్రెసరా, బ్యాగా అని అడిగారు.

పోయింది బ్యాగే. ఆ ఒక్క ముక్క కార్డు మీద రాసి పంపవచ్చు. కానీ ఆ రెండు షెడ్లూ ఎక్కడ పొరబడ్డాయో చూస్తే ఎంతో అందమైన భౌతికశాస్త్రం బయటపడుతుంది. దాన్ని చెప్పకుండా ఉండలేను.

ముందు పరికరం సంగతి. చెరకు ట్రాక్టరు ట్రాలీకీ, లారీకీ కమాన్ పట్టీలుంటాయి. మామూలు కారుకు కాయిల్ స్ప్రింగ్ ఉంటుంది. ఎయిర్ సస్పెన్షన్‌లో ఆ చోట నైలాన్ దారాల అల్లికతో బలపరచిన రబ్బరు సంచి ఉంటుంది. కింది అంచు లోపలికి మడతపడి ఒక పిస్టన్ మీద జారుతూ ఉంటుంది. ఒక చిన్న కంప్రెసర్ గాలి పంపుతుంది, వాల్వ్ బ్లాక్ దాన్ని నాలుగు మూలలకూ పంచుతుంది, ప్రతి చక్రం దగ్గరా ఉన్న సెన్సరు ఎత్తు చూస్తుంది. అంతే.

ఇక చలి మాట. నిజామాబాద్ జిల్లాలో చలికాలం పగలు 30 డిగ్రీలు, రాత్రి 12 డిగ్రీలు మామూలే. కెల్విన్లలో చెబితే 303 నుంచి 285. అంటే గాలి ఘనపరిమాణం 6 శాతం తగ్గుతుంది. సంచిలో గాలి నిలువు 20 సెంటీమీటర్లనుకుంటే బండి దిగేది సెంటీమీటరు, ఇంకాస్త. టైరు మీదికి కూలబడటానికి ఇది చాలదు. పైగా చలే కారణమైతే నాలుగు మూలలూ కలిసి దిగాలి, ఒక్క ఎడమ మూలకే చలి వేయదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ మూల మీద 600 కిలోల బరువుందనుకుందాం. సంచి పనిచేసే వైశాల్యం 110 చదరపు సెంటీమీటర్లు. బరువును వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు దాదాపు అయిదున్నర కిలోలు, పంక్చర్ షాపు లెక్కలో 78 పాయింట్లు. ఈ లెక్కలో సంచిలో గాలి ఎంత ఉందన్న ప్రశ్నే లేదు. ఉన్నవి బరువు, వైశాల్యం, రెండే. కాబట్టి సగం గాలి కారిపోయినా మిగతా సగం అదే 78 పాయింట్ల దగ్గర ఉంటుంది. తగ్గేది ఎత్తు మాత్రమే. వైశాల్యం పిస్టన్ ఆకారాన్ని బట్టి కాస్త మారుతుంది, మూల బాగా కుంగాక కొంత బరువు పక్క చక్రాల మీదికి జరుగుతుంది, అయినా లెక్క పెద్దగా మారదు.

పల్లెల్లో గోబర్ గ్యాస్ ప్లాంటు చూసినవారికి ఇది తెలిసిన సంగతే. పైన తేలే ఇనుప డ్రమ్ము గ్యాసు వాడుకునే కొద్దీ కిందికి దిగుతుంది, పొయ్యి మంట మాత్రం తగ్గదు. గ్యాసు మీద పడేది ఎప్పుడూ ఆ డ్రమ్ము బరువే మరి.

టైరులో ఇలా జరగదు. టైరు ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి గాలి కారే కొద్దీ పీడనం పడిపోతుంది, పీడనం పడితే కారే వేగమూ తగ్గుతుంది. సన్నటి పంక్చరున్న టైరు మొదట త్వరగా, తర్వాత నెమ్మదిగా దిగుతుంది. ఎయిర్ బ్యాగ్ అలా నెమ్మదించదు. లోపలి పీడనం మారదు గనుక మొదటి గంటలో ఎంత కారిందో ఎనిమిదో గంటలోనూ అంతే కారుతుంది. గంటకు ఒక్క సెంటీమీటరు చొప్పున దిగినా, రాత్రి 10కి నిలిపిన బండి పొద్దున 6కల్లా 8 సెంటీమీటర్లు కిందికి వచ్చేస్తుంది. చివరికి లోపలి బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ మీద బరువు ఆనుతుంది. పీడనం పడిపోవడం మొదలయ్యేది ఆ తర్వాతే. అందుకే గేజి పెట్టి ఈ లీకు పట్టుకోవాలనుకోవడం వృథా. టేపు పట్టుకుని నాలుగు చక్రాల దగ్గరా ఫెండరు అంచు ఎత్తు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కొలిస్తే దొరుకుతుంది. కొన్ని మోడళ్లు మాత్రం నిలిపి ఉంచినప్పుడు అన్నిటికన్నా దిగిన మూలకు సమానంగా మిగతా మూడింటినీ తామే దించుతాయి. అలాంటి బండిలో లీకు ఒక్క చోటే ఉన్నా బండంతా కుంగి కనిపిస్తుంది.

షెడ్డులో లీకు దొరకకపోవడానికి కారణమూ ఈ సూత్రమే. బండిని లిఫ్టు మీదికి ఎత్తగానే చక్రాలు వేలాడతాయి, సంచి మీద బరువు పోతుంది, బరువుతోపాటే పీడనమూ పోతుంది. పైగా మడత చోటు మారుతుంది. రబ్బరు ముందుగా పగిలేది రోజూ ఒకే ఎత్తులో నిలబడే బండిలో ఒకే చోట పడే మడత దగ్గర. నల్లరేగడి బురద, దుమ్ము చేరి ఒరిపిడి పెట్టేదీ అక్కడే. బండి వేలాడుతుంటే ఆ మడత విప్పుకుంటుంది, చీలిక మూసుకుంటుంది. సబ్బు నీళ్లు ఎంత చల్లినా ఒక్క బుడగ రాదు. అప్పుడు బ్యాగ్ బాగానే ఉందని రాసిచ్చి కంప్రెసర్ మీద పడతారు.

ఆ కంప్రెసర్ ఎందుకు కాలింది? ఆగి ఆగి పనిచేయడానికి చేసిన మోటారు అది. లీకు వల్ల అస్తమానం తిరిగి వేడెక్కుతుంది. ఇది చాలామందికి తెలుసు. రెండో కారణం ఇంకా లోతైనది. బయటి గాలిలోని తేమను పీల్చడానికి కంప్రెసర్ పక్కన డ్రయ్యర్ ఉంటుంది. అందులోని గుళికలు మళ్లీ ఎండాలంటే, బండి దిగినప్పుడు సంచుల్లోని పొడిగాలి అదే దారిన వెనక్కి వచ్చి తేమను బయటికి మోసుకెళ్లాలి. చాలా బండ్లలో ఏర్పాటు ఇదే. గాలి చీలికలోంచి పోతే ఆ తిరుగు ప్రయాణమే జరగదు. డ్రయ్యర్‌కు వచ్చే తేమే గాని పోయే తేమ ఉండదు. గుళికలు నానిపోతాయి, తేమ వాల్వ్ బ్లాక్‌లోకి చేరుతుంది. చీలిన సంచి మార్చకపోతే, కంప్రెసర్‌నూ వాల్వ్ బ్లాక్‌నూ కూడా అది తినేస్తుంది.

లీకు చూసి ఎయిర్ సస్పెన్షన్‌నే తప్పుపట్టడంలో పెద్ద పెద్ద కంపెనీలే పొరబడ్డాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్‌కు ఎయిర్ సస్పెన్షన్ పెట్టింది, 1958లో తన ఇతర కార్లకూ అదనపు సదుపాయంగా ఇచ్చింది. లీకుల గొడవలు వచ్చాయి. డీలర్లు సంచులు పీకి కాయిల్ స్ప్రింగులు బిగించారు. కార్లకు గాలి పనికిరాదని తేల్చేశారు. అదే కాలంలో అమెరికా బస్సులు అదే గాలి మీద హాయిగా తిరిగాయి. 1992లో రేంజ్ రోవర్ ఎలక్ట్రానిక్ నియంత్రణతో ఫోర్ వీల్ డ్రైవ్‌లోకి తెచ్చింది. మన ఆర్టీసీ వోల్వో గరుడ బస్సులూ, వందే భారత్ బోగీలూ నడిచేది ఎయిర్ స్ప్రింగుల మీదే. బరువు పెరిగితే పీడనం పెరుగుతుంది, దాంతో స్ప్రింగు గట్టిదనమూ దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందువల్ల ఖాళీ బస్సుకూ నిండు బస్సుకూ ఊగే లయ మారదు. ఉక్కు స్ప్రింగు చేయలేని పని ఇది. సంచులు తీసేసి కాయిల్స్ పెట్టించుకొమ్మని సలహా ఇచ్చేవారు ఈ గుణాన్ని పారేయమంటున్నారు. నేను ఒప్పుకోను.

ఇక బోధన్ మిత్రుడు చేయాల్సింది. లిఫ్టు వద్దు. లారీ షెడ్లలో పిట్ ఉంటుంది, బండిని చక్రాల మీదే దానిపైకి తీసుకెళ్లి మామూలు ఎత్తులో నిలపండి. ఎత్తు సర్దుబాటును ఆపించి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టించండి. అవి ఛాసిస్‌కు తగలకుండా వేలెడు కింద ఉండాలి, తగిలితే బరువు మళ్లీ సంచి మీది నుంచి పోతుంది. స్టాండ్లు లేకుండా ఎవరినీ కిందికి దూరనివ్వకండి. సంచి ఒక్కసారిగా పగిలితే బండి మనిషి మీద పడుతుంది. మడత మీద, పైపు జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లమనండి. దారిలోనే కూలబడితే కంప్రెసర్ ఫ్యూజు తీసేసి, బాట చూసుకుంటూ నిదానంగా షెడ్డు దాకా రండి. బ్యాగ్ మార్చిన రోజే డ్రయ్యర్ కూడా మార్పించండి, మూడో కంప్రెసర్ కొనే పని ఉండదు.