ముందు పరీక్ష ఎవరికి?

పెళ్ళయి ఆరు నెలలు తిరక్కుండానే మొదలవుతుంది. పేరంటాల్లో, గృహప్రవేశాల్లో, ఆఖరికి కూరగాయల బండి దగ్గర కూడా: "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అడిగేది కోడల్ని. అల్లుణ్ణి ఎవరూ అడగరు. ఇంకో రెండేళ్ళకు రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు, నాగప్రతిష్ఠ, ఆ తర్వాత డాక్టరు. అక్కడా ఫైలు ఆవిడ పేరు మీదే మొదలవుతుంది. పిల్లలు లేని ఆడదాన్ని నొప్పించడానికి తెలుగులో 'గొడ్రాలు' అనే మాట సిద్ధంగా ఉంది. మగవాడికి దానికి జోడీ మాట వాడుకలో లేదు. 'నపుంసకుడు' అనడం వేరే సంగతి. కాపురంలో ఏ లోటూ లేని మగవాడి వీర్యంలో ఒక్క శుక్రకణం కూడా లేకపోవచ్చు. ఉందో లేదో కంటికి తెలియదు, ఒంటికీ తెలియదు. మైక్రోస్కోపుకే తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురవుతుంది. ఇలాంటి జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపం ఉంటుంది. కొందరిలో అదొక్కటే కారణం, కొందరిలో ఆవిడ సమస్యకు తోడు ఇదీ ఉంటుంది.

గర్భం రాకుండా ఏ జాగ్రత్తలూ తీసుకోకుండా ఏడాది కాపురం చేసినా నెల తప్పకపోతే అప్పుడు దాన్ని సంతానలేమి అంటారు. ఏడాది ఎందుకంటే, ఏ లోపమూ లేని, వయసులో ఉన్న జంటకైనా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగైదింట ఒక వంతే. విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలు. శుక్రకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా నిలుస్తాయి. అంటే నెల మొత్తంలో పనికొచ్చేవి ఆరు రోజులు: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు. 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్ళలో ఆ విడుదల 14వ రోజు ప్రాంతంలో జరుగుతుంది. 35 రోజులకు వచ్చేవాళ్ళలో 21వ రోజు ప్రాంతంలో. భర్త దుబాయ్‌లో ఉండి నెల రోజుల సెలవు మీద వచ్చి వెళ్తుంటే, పెళ్ళయి మూడేళ్ళన్న లెక్క ఇక్కడ చెల్లదు. కలిసి ఉన్న నెలలే లెక్క. ఆవిడకు 35 దాటితే ఏడాది ఆగకూడదు, ఆరు నెలలు చాలు. నెలసరి బొత్తిగా గతి తప్పినవాళ్ళు, గతంలో క్షయ వచ్చినవాళ్ళు ఆ మాత్రం కూడా ఆగక్కర్లేదు.

ఇక అసలు పరీక్ష. వీర్య పరీక్షకు సూది లేదు, కోత లేదు. చాలా ల్యాబుల్లో ఖర్చు వందల్లోనే. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి రమ్మంటారు. ల్యాబులో ఒక చిన్న గది, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా. మొదటి చుక్క నుంచి చివరి దాకా డబ్బాలోనే పడాలి. మొదటి భాగంలోనే కణాలు ఎక్కువ, అది కింద పోతే కౌంటు తప్పుతుంది. ఇంటి దగ్గర్నుంచి తెస్తే గంటలోపు చేర్చాలి, చల్లబడకుండా ఒంటికి ఆనించుకుని తేవాలి. వచ్చేటప్పుడు జిగురుగా గడ్డకట్టినట్టుంటుంది, అరగంటలో నీరవుతుంది. అప్పుడు టెక్నీషియన్ ఒక చుక్క తీసి గళ్ళు గీసిన గాజుపలక మీద వేసి లెక్కపెడతాడు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని కదులుతున్నాయి, కదిలేవాటిలో ఎన్ని ముందుకు ఈదుతున్నాయి, ఎన్ని ఉన్నచోటే తచ్చాడుతున్నాయి.

రిపోర్టులో భయపెట్టేది ఆకారం లెక్క. 'సరైన ఆకారం: 4 శాతం' అని చూసి, మిగతా 96 పనికిరానివా అని కుంగిపోయే మగవాళ్ళున్నారు. నిజానికి 4 శాతం ఉంటే చాలు. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, అందులో 42 శాతం కదలిక, 4 శాతం సరైన ఆకారం కనీస హద్దులు. ఏడాదిలోపు భార్య నెల తప్పిన మగవాళ్ళను లెక్కలోకి తీసుకుని, అందులో అట్టడుగు అయిదు శాతం దగ్గర గీసిన గీతలివి. గీతకు కింద ఉన్నంత మాత్రాన తండ్రి కాలేడని కాదు. పైన ఉంటే ఖాయమనీ కాదు. పైగా ఒక శుక్రకణం తయారు కావడానికి రెండు నెలల పైనే పడుతుంది. రెండు నెలల కిందట డెంగీయో టైఫాయిడో వచ్చి ఉంటే ఇవాళ్టి రిపోర్టులో ఆ జ్వరం కనిపిస్తుంది. అందుకే ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పరు, మళ్ళీ చేయిస్తారు.

కౌంటు పడిపోవడానికి వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వెరికోసిల్, పొగాకు, ఊబకాయం, కొలిమి దగ్గరో బాయిలర్ దగ్గరో రోజంతా వేడిలో చేసే పని కారణాలు కావచ్చు. ఈ మధ్య వీటికి జిమ్ ఇంజెక్షన్లు తోడయ్యాయి. కండల కోసం టెస్టోస్టెరోన్ తీసుకుంటే, ఒంట్లో అది సరిపడా ఉందనుకుని మెదడు వృషణాలకు పంపే హార్మోన్లను ఆపేస్తుంది. చూడటానికి పహిల్వాను, కౌంటు మాత్రం సున్నా కావచ్చు. మానేస్తే చాలామందిలో తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది. మగతనం పెరుగుతుందని ఎవరో చెబితే, పిల్లల కోసమే ఇదే మందు వాడేవాళ్ళూ ఉన్నారు. ఇంతకంటే తలకిందుల పని లేదు.

ఆడవారి వైపు చూడాల్సినవి అండం విడుదల, ట్యూబులు, గర్భసంచి. హార్మోన్లు గతి తప్పే పీసీఓఎస్‌లో అండం సరిగా విడుదల కాదు. దానికి ముందుగా రాసే మాత్ర లెట్రోజోల్. మందుల షాపులో చీటీ ఇచ్చి, ఫోన్‌లో పేరు వెతికి, 'ఇది రొమ్ము క్యాన్సర్ మందు కదా' అని హడలిపోతారు. అవును, అదే మందు. ఈస్ట్రోజెన్‌ను కొద్ది రోజులు తగ్గిస్తే మెదడు అండాశయాన్ని గట్టిగా తట్టి లేపుతుంది, అదీ కిటుకు. ఇక ట్యూబులు మూసుకుపోయాయేమో రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో తెలుస్తుంది. మన దేశంలో ఆ మూతపడటానికి పెద్ద కారణాల్లో ఒకటి, దగ్గూ జ్వరమూ లేకుండా లోపల్లోపలే ఉండే గర్భసంచి క్షయ.

కౌంటు కాస్త తక్కువై, ట్యూబులు తెరిచి ఉంటే ఐయూఐ చేయవచ్చు. వీర్యాన్ని శుద్ధిచేసి, చురుకైన కణాలను సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి పంపుతారు. నొప్పి పెద్దగా ఉండదు, ఫలితమూ అంత ఎక్కువ కాదు. మూడు నాలుగు సార్లు చూసి ముందుకు వెళ్తారు.

ముందుకంటే ఐవీఎఫ్: అండాన్నీ శుక్రకణాన్నీ ఒంటి బయట, ల్యాబులో కలపడం. 1978లో ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ పాప పుట్టింది. 1992లో ఇక్సీ వచ్చింది: ఒక్క శుక్రకణాన్ని గాజుసూదితో పట్టి నేరుగా అండంలోకి గుచ్చడం. కౌంటు దాదాపు లేనివాళ్ళకు కూడా, ఒక్కోసారి వృషణంలోంచి కణాన్ని తీసి, సొంత బిడ్డనిచ్చిన పద్ధతి ఇది. కానీ ఇందులో ఒక అన్యాయం ఉంది. లోపం ఆయనదైనా సూదులు ఆవిడకే. పది పన్నెండు రోజులు పొట్టకు ఇంజెక్షన్లు, రోజు విడిచి రోజు స్కానింగ్, మత్తిచ్చి అండాల సేకరణ, పిండం లోపల పెట్టాక రెండు వారాల ఎదురుచూపు. బిల్లు లక్షల్లో. మగవాడి లోపాన్ని మందుతోనో చిన్న ఆపరేషన్‌తోనో సరిదిద్దే వీలుండి కూడా ఆ పరీక్షే చేయించుకోకపోతే, ఆ సూదుల్లో కొన్ని ఆవిడకు అనవసరంగా గుచ్చినట్టే.

వయసును మాత్రం ఐవీఎఫ్ కూడా జయించలేదు. పది నుంచి ఇరవై లక్షల అండాలతో పుడుతుంది ఆడపిల్ల. కొత్తవి తయారు కావు, ఉన్నవి తరుగుతాయి. 35 తర్వాత నాణ్యతా వేగంగా పడిపోతుంది. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ళావిడకు కవలలు పుట్టారని పేపర్లలో చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ అండాలు ఆవిడవి కావు, దాతవి. 2021 చట్టం వచ్చాక ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళు పైహద్దు. చికిత్స చేసే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి. అడ్వాన్సు కట్టేముందు ఆ నంబరు అడగండి. 'గ్యారంటీ' అన్న మాట వినిపిస్తే లేచి వచ్చేయండి.

అయ్యా, మీరు ఈ వ్యాసం చదువుతున్న భర్త అయితే ఒక్క విన్నపం. ఆవిడ మొదటి స్కానింగ్‌కి వెళ్ళే రోజునే మీరూ ఆ డబ్బా అందుకోండి. రిపోర్టు చాలాచోట్ల అదే రోజు సాయంత్రానికి వచ్చేస్తుంది.