పాత కారులో ఛార్జింగ్ లోపం: కొలిచి నిర్ధారించే పద్ధతి

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఛార్జింగ్ వ్యవస్థలోని భాగాల పనిని వివరించగలుగుతారు.
• మల్టీమీటర్‌తో లోపం ఎక్కడుందో వరుసగా గుర్తించగలుగుతారు.
• వోల్టేజి నష్టానికి ఓమ్ నియమాన్ని అన్వయించగలుగుతారు.

1. పరిచయం

ఉదయం తాళం తిప్పితే ఇంజను తిరగదు. చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ కొంటారు. కొన్ని రోజులు బాగానే నడిచి, బండి మళ్లీ మొరాయిస్తుంది. ఈసారి ఆల్టర్నేటర్ మారుస్తారు. అసలు లోపం తుప్పు పట్టిన ఒక వైరు జాయింటులో ఉంటే ఈ రెండు ఖర్చులూ వృథాయే. కాబట్టి ముందు కొలవాలి, తరువాతే మార్చాలి.

ఇంటి నీటి సరఫరాతో పోల్చి చూద్దాం. బ్యాటరీ మేడమీది ట్యాంకు. ఆల్టర్నేటర్ దాన్ని నింపే మోటారు. వైర్లు పైపులు. ట్యాంకు ఖాళీ అయినంత మాత్రాన అది పగిలిందని చెప్పలేం. మోటారు పనిచేయకపోవచ్చు, పైపు పూడుకుపోయి ఉండవచ్చు, లేదా రాత్రంతా ఏదో కొళాయి కారుతూ ఉండవచ్చు. ఈ నాలుగు అవకాశాలకూ నాలుగు కొలతలున్నాయి. మారుతి 800 వంటి, ఆల్టర్నేటర్ ఉన్న 12 వోల్టుల పాత కార్లకు ఇవి వర్తిస్తాయి.

2. బ్యాటరీ పరీక్ష

ముందుగా ఇంజను ఆపి, బెల్టు బిగువును, బ్యాటరీ టెర్మినల్స్‌ను చూడండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత వోల్టేజి కొలవండి. సుమారు 12.6 వోల్టులుంటే బ్యాటరీ పూర్తిగా నిండినట్లు. 12.2 ఉంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. నిండిన బ్యాటరీ కూడా సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి.

3. ఆల్టర్నేటర్ పరీక్ష

ఇంజనును కొంచెం వేగంగా తిప్పుతూ బ్యాటరీ వద్ద కొలవండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. ఇంజను ఆపినప్పటి విలువే ఇప్పుడూ కనిపిస్తే ఛార్జింగ్ జరగడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పింది. అప్పుడు బ్యాటరీలోని నీరు త్వరగా తగ్గిపోతుంది.

డ్యాష్‌బోర్డుపై ఎర్రదీపాన్నీ గమనించండి. తాళం తిప్పగానే అది వెలగాలి, ఇంజను తిరగగానే ఆరిపోవాలి. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్‌కు తొలి అయస్కాంతీకరణ విద్యుత్తు ఈ దీపం గుండానే వెళ్తుంది. కాబట్టి బల్బు మాడిపోయినా ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు.

4. వోల్టేజి నష్టం పరీక్ష

పాత కార్లలో ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇదే. ఇంజను నడుపుతూ హెడ్‌లైట్లు వేయండి. ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ టెర్మినల్‌కూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య వోల్టేజి కొలవండి. తరువాత ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొలవండి. ఒక్కొక్కటి సుమారు 0.2 వోల్టులకు మించకూడదు.

ఉదాహరణ: పాజిటివ్ వైపు 1.2 వోల్టుల నష్టం కనిపించిందనుకుందాం. ఆ మార్గంలో 30 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంటే,

నిరోధం = 1.2 ÷ 30 = 0.04 ఓమ్
వేడిగా పోయే సామర్థ్యం = 1.2 × 30 = 36 వాట్లు

ఆల్టర్నేటర్ 14.4 వోల్టులు ఇస్తున్నా బ్యాటరీకి 13.2 మాత్రమే చేరుతుంది. ఇంత చిన్న నిరోధాన్ని సాధారణ మల్టీమీటర్ ఓమ్ స్కేలు సరిగా చూపలేదు. అందుకే ఇంజను ఆపి వైరును పరీక్షిస్తే "బాగానే ఉంది" అనిపిస్తుంది. విద్యుత్తు ప్రవహిస్తున్నప్పుడే లోపం బయటపడుతుంది. జాయింటు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగిస్తే తరచు సమస్య తీరుతుంది.

5. రాత్రిపూట కారే విద్యుత్తు

పై పరీక్షలన్నీ సరిగా ఉంటే, బండి ఆపి తాళం తీసి, నెగెటివ్ వైరు విప్పి, దానికీ టెర్మినల్‌కూ మధ్య మీటరును 10 ఆంపియర్ల స్థానంలో కలపండి. సుమారు 0.05 ఆంపియర్ల కంటే ఎక్కువ ఉండకూడదు. 0.5 ఆంపియర్లు కారుతుంటే రోజుకు 12 ఆంపియర్-గంటలు పోతాయి. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ అవుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వెళ్తే, ఏది తీసినప్పుడు విలువ పడిపోతుందో ఆ సర్క్యూట్‌లోనే లోపం ఉంది. మీటరు ఇలా కలిపి ఉండగా సెల్ఫ్ వేయకూడదు.

హెచ్చరిక: ఆల్టర్నేటర్‌ను పరీక్షించడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయడం ప్రమాదకరం. ఒక్కసారిగా పెరిగే వోల్టేజి డయోడ్లను కాల్చివేయగలదు. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ మండే వాయువు కనుక బ్యాటరీ దగ్గర నిప్పు, నిప్పురవ్వలు ఉండకూడదు.

6. సారాంశం

బ్యాటరీ, ఆల్టర్నేటర్, వైర్లు, రాత్రిపూట కారే విద్యుత్తు: ఈ వరుసలో కొలవండి. ఏ కొలత తప్పుతుందో అక్కడే మరమ్మతు మొదలుపెట్టండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆల్టర్నేటర్ వద్ద 14.3, బ్యాటరీ వద్ద 13.1 వోల్టులున్నాయి. ఏ భాగాన్ని అనుమానిస్తారు? ఎందుకు?
2. నెగెటివ్ వైపు నష్టం 0.6 వోల్టులు, విద్యుత్తు 20 ఆంపియర్లు అయితే నిరోధమెంత?