వరద బురదలో తడిసిన పీఎస్1 సీడీ నుంచి టెక్కెన్ 3 వీడియోలు బయటికి తీశా.. ఎలాగంటే

మాది కడప. చిన్నప్పుడు సెలవులొస్తే కర్నూలు వన్‌టౌన్‌లో మా మామ వాళ్ల ఇంటికి పోయేవాణ్ని. ఆ సందు చివర ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. రెండు టీవీలు, రెండు పీఎస్1లు, గంటకు 10 రూపాయలు. అందరూ ఆడేది ఒక్కటే, టెక్కెన్ 3. ఎవడైనా చివర్లో ఓగర్‌ను కొట్టేస్తే పక్క టీవీ వాళ్లు కూడా గేమ్ పాజ్ చేసి వచ్చేవాళ్లు. ఎందుకంటే ఆ తర్వాత వచ్చే ఎండింగ్ వీడియో అందరం చూడాలి. నా 10 రూపాయలు మాత్రం ఎప్పుడూ ఓగర్ దగ్గరికి వచ్చేసరికే అయిపోయేవి.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలును ముంచేశాయి. ఆ షాపు కూడా మునిగిపోయింది. టీవీలు, కన్సోళ్లు అన్నీ బురదపాలు. షాపు అన్న మళ్లీ తెరవలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేర్ చేస్తున్నాడు.

మొన్న వేసవిలో పెళ్లికని కర్నూలు పోతే అన్నను కలిశా. అటక మీది నుంచి ఒక బిస్కెట్ డబ్బా దించి నా చేతిలో పెట్టాడు. లోపల 12 సీడీలు, వాటి మీద ఎండిన బురద. "నువ్వు కంప్యూటర్లు తెలిసినోనివి కదప్పా. దీంట్లో ఆ ఆఖర్న వచ్చే బొమ్మలు ఉంటాయే, అవి తీసిస్తావేమో చూడు. నాకు షాపు ఉండెనంటే మా పిల్లోడు నమ్మడంల్యా" అన్నాడు.

టెక్కెన్ 3 ఎండింగ్స్ యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. కానీ చాలావరకు పక్కలకు సాగదీసినవి, రెండు మూడుసార్లు కంప్రెస్ అయినవి. పైగా అన్న అడిగింది యూట్యూబ్ వీడియో కాదు, తన సీడీలో ఉన్నది. నేను చేసింది ఇక్కడ వరసగా చెప్తున్నా. మీ ఇంట్లో ఉన్న పాత సీడీలకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు సీడీని తిప్పి చూడండి

12లో 9 కాపీ సీడీలు. 3 మాత్రం ఒరిజినల్స్. కనుక్కోవడం ఈజీ: సోనీ పీఎస్1 ఒరిజినల్ డిస్క్‌ల అడుగు భాగం నల్లగా ఉంటుంది. డ్రైవ్‌లోని లేజర్ ఇన్‌ఫ్రారెడ్ కాబట్టి మన కంటికి కనిపించే ఆ నలుపు దానికి అడ్డం కాదు.

కాపీ సీడీ, అంటే సీడీ-ఆర్‌లో డేటా ఉండేది ఒక రంగు పూతలో. వేడికి, వెలుతురుకు ఆ పూత పాడవుతుంది. మన కర్నూలు, కడప ఎండల్లో రేకుల కప్పు కింద అటక మీద ఏళ్ల తరబడి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ 9లో ఒక్కటీ చదవలేదు. ఒరిజినల్ డిస్క్‌లో డేటా ఫ్యాక్టరీలోనే గుంటలుగా అచ్చు పడుతుంది, దాని మీద అల్యూమినియం పొర ఉంటుంది. అందుకే ఎక్కువ కాలం ఆగుతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. సీడీలో డేటా పొర ఉండేది కింద కాదు, పైన బొమ్మ ఉన్న వైపు, లేబుల్ కిందనే. అడుగున సన్నని గీతలు పడినా చాలాసార్లు చదువుతుంది, లేబుల్ లేచిపోతే మాత్రం కథ ముగిసినట్లే. నా దగ్గరున్న 3 ఒరిజినల్స్‌లో ఒకటి అలాగే పోయింది. రెండో దాంట్లో మధ్య రంధ్రం పక్కన లోతుగా గీతలున్నాయి. సీడీ విషయసూచిక ఉండేది లోపలి అంచులోనే కాబట్టి డ్రైవ్ దాన్ని గుర్తే పట్టలేదు. మిగిలింది ఒక్కటి. అదృష్టం, అది టెక్కెన్ 3.

ఎండిన బురదను గోకొద్దు, గుడ్డతో రుద్దొద్దు. దాంట్లో ఉన్న ఇసుకే గీతలు పెడుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి కాసేపు నాననిచ్చా. తర్వాత ధారగా పడే నీళ్ల కింద కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడిచా. గుండ్రంగా తుడవకూడదు. డేటా చుట్టూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి అదే దిశలో గీత పడితే వరసగా చాలా డేటా పోతుంది.

కాపీ పేస్ట్ చేస్తే ఎందుకు రాదు?

పీఎస్1 సీడీని కంప్యూటర్లో పెడితే ఫైళ్లు కనిపిస్తాయి. చాలా గేమ్‌లలో వీడియోలు ఎస్‌టీఆర్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి. నేను కూడా మొదట్లో ఇలాంటి ఫైళ్లను డ్రాగ్ చేసి డెస్క్‌టాప్ మీద వేసుకున్నవాణ్నే. కాపీ మధ్యలో ఆగిపోతుంది, లేదంటే బొమ్మ వచ్చి సౌండ్ చెడిపోతుంది.

కారణం ఇది. సీడీలో ప్రతి సెక్టార్‌కు 2352 బైట్లు ఉంటాయి. మామూలు ఫైళ్లకు అందులో 2048 బైట్లే వాడతారు, మిగతాది అడ్రస్‌లు, తప్పులు దిద్దే సమాచారం. పీఎస్1 వీడియోలో మాత్రం బొమ్మ సెక్టార్లు, సౌండ్ సెక్టార్లు కలిసి అల్లుకుని ఉంటాయి. సౌండ్ సెక్టార్లలో 2324 బైట్ల దాకా డేటా ఉంటుంది. కంప్యూటర్ అన్నింటినీ 2048గానే లెక్కేస్తే ప్రతి సౌండ్ సెక్టార్ నుంచి 276 బైట్లు కోత పడతాయి. ఐఎస్ఓ ఫైల్ చేసుకున్నా అదే సమస్య. అందుకే పీఎస్1కు ఐఎస్ఓ వద్దు, బిన్-క్యూ ఫార్మాట్‌లోనే పూర్తి ఇమేజ్ తీయాలి.

ఇమేజ్ తీసిన విధానం

నా ల్యాప్‌టాప్‌కు డిస్క్ డ్రైవ్ లేదు. ఫ్రెండ్ దగ్గర యూఎస్‌బీ డీవీడీ రైటర్ తెచ్చుకున్నా. ఇమ్‌జీబర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రీడ్ మోడ్ పెట్టి, డ్రైవ్ ఇచ్చే అతి తక్కువ స్పీడ్ ఎంచుకున్నా. పీఎస్1 సీడీ అని చూసి అదే బిన్, క్యూ రెండు ఫైళ్లు ఇస్తుంది.

మొదటిసారి చాలాచోట్ల రీడ్ ఎర్రర్ వచ్చింది. ఇంకో ఫ్రెండ్ ఇంట్లో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో పెడితే కొన్ని సెక్టార్లు తప్ప అన్నీ చదివింది. ఇది గుర్తుపెట్టుకోండి: ఒక డ్రైవ్ కాదన్న డిస్క్‌ను ఇంకో డ్రైవ్ చదవొచ్చు. రెండు మూడు డ్రైవ్‌లలో చూడకుండా సీడీని చెత్తబుట్టలో వేయొద్దు.

ఇమేజ్ చేతికొచ్చాక సీడీని పక్కన పెట్టేశా. ఇక పనంతా ఆ ఫైల్ మీదే. పాడవుతున్న డిస్క్‌ను మళ్లీ మళ్లీ తిప్పితే ఉన్నది కూడా పోతుంది.

వీడియోలు బయటికి

దీనికి జేపీఎస్ఎక్స్‌డెక్ అనే టూల్ ఉంది. ఉచితం, జావా ఉంటే చాలు. బిన్ ఫైల్ ఓపెన్ చేస్తే డిస్క్ మొత్తం సెక్టార్ల వారీగా వెతికి దొరికిన వీడియోలు, ఆడియోలు లిస్ట్ ఇస్తుంది. ప్లే చేసి చూసుకుని కావాల్సినవి ఏవీఐగా సేవ్ చేసుకోవచ్చు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. డిస్క్ అంత దెబ్బతిన్నా బొమ్మలు దాదాపు శుభ్రంగా వచ్చాయి. పీఎస్1 వీడియోలో ప్రతి ఫ్రేమ్ దేనికదే ఒక పూర్తి ఫోటో లాంటిది. కన్సోల్‌లో ఎండెక్ అనే భాగం ఒక్కో ఫ్రేమ్‌ను విడివిడిగా విప్పుతుంది. డబుల్ స్పీడ్‌లో సెకనుకు 150 సెక్టార్లు చదివితే, 15 ఫ్రేమ్‌ల వీడియోకు సౌండ్‌తో కలిపి ఫ్రేమ్‌కు 10 సెక్టార్లు. అంటే ఒక సెక్టార్ పోతే ఒక్క ఫ్రేమ్‌లో ఒక ముక్క చెదురుతుంది, తర్వాతి ఫ్రేమ్ మళ్లీ మామూలే.

పీఎస్2 వాడే ఎంపెగ్-2 అలా కాదు. ఒక ఫ్రేమ్ ముందు వెనక ఫ్రేమ్‌ల మీద ఆధారపడుతుంది. ఒక్కచోట తప్పు పడితే తర్వాతి పూర్తి ఫ్రేమ్ వచ్చేదాకా గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. ఈ విషయంలో పాతదే గట్టిది.

సౌండ్ దగ్గర మాత్రం రెండు చోట్ల గరగర వచ్చింది. సౌండ్ సెక్టార్లలో ఎక్కువ డేటా పట్టడానికి తప్పులు దిద్దే అదనపు సమాచారాన్ని వదిలేస్తారు. అందుకే దెబ్బ ముందు దానికే తగులుతుంది.

ఎంపీ4 చేసేటప్పుడు

ఏవీఐ ఫోన్‌లో ఇబ్బంది పెడుతుంది కాబట్టి హ్యాండ్‌బ్రేక్‌లో ఎంపీ4 చేశా. నేను పెట్టిన సెట్టింగ్స్ ఇవి:

కోడెక్: హెచ్.264. ఏ ఫోన్‌లోనైనా ఆడుతుంది.
క్వాలిటీ: ఆర్ఎఫ్ 18. వీడియోలు చిన్నవి కాబట్టి సైజ్ గురించి భయం లేదు.
ఫ్రేమ్ రేట్: సేమ్ యాజ్ సోర్స్. బలవంతంగా 30, 60 పెట్టొద్దు.
సైజ్: ఉన్నది ఉన్నట్లే. పీఎస్1 వీడియో ఎక్కువగా 320x240, అంటే 4:3. 16:9కు సాగదీస్తే హ్వారాంగ్ కూడా పొట్టిగా, లావుగా కనిపిస్తాడు.

ఏఐ అప్‌స్కేలింగ్ కూడా చేసి చూశా. ముఖాలు మైనం బొమ్మల్లా అయ్యాయి. వద్దనుకుని తీసేశా.

పీఎస్2, పీఎస్‌పీ సంగతి?

పీఎస్2 డీవీడీలకు ఐఎస్ఓ సరిపోతుంది. 7-జిప్‌లో తెరిచి ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. పీఎస్ఎస్ అని ఉంటే లోపల ఎంపెగ్-2 వీడియో ఉంటుంది. వీఎల్‌సీలో బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే కంగారు పడొద్దు, సౌండ్ సోనీ సొంత ఫార్మాట్‌లో ఉంటుంది. దాన్ని విడిగా తీశాక వీజీఎం స్ట్రీమ్ చదువుతుంది. ఎస్ఎఫ్‌డీ అని ఉంటే సీఆర్ఐ కంపెనీ సాఫ్‌డెక్, బీఐకే అని ఉంటే బింక్. బింక్‌కు ర్యాడ్ వీడియో టూల్స్ ఉచితంగా దొరుకుతుంది. పీఎస్‌పీలో పీఎంఎఫ్ ఫైళ్లు ఉంటాయి, వాటి సైజ్ 480x272.

ఇంకో మాట. అన్ని కట్‌సీన్లూ వీడియోలు కావు. 2004లో పీఎస్2 మీద వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌ తీసుకోండి. సీజే కథంతా గేమ్ అప్పటికప్పుడు గీసేదే. డిస్క్‌లో ఉండేది మనుషుల కదలికలు, కెమెరా ఎక్కడుండాలన్న సమాచారం మాత్రమే. ఎంత వెతికినా వీడియో ఫైల్ దొరకదు. చిన్న టెస్ట్: హీరో డ్రెస్ మారిస్తే కట్‌సీన్‌లోనూ మారిందా? మారితే అది వీడియో కాదు. అలాంటివాటికి గేమ్ ఆడుతూ ఓబీఎస్‌తో రికార్డ్ చేసుకోవడమే దారి.

మన హైదరాబాద్ గేమ్‌లు గుర్తున్నాయా?

కర్నూలు మునిగిన అదే 2009లో మన దగ్గర తయారైన పీఎస్2 గేమ్‌లు రెండు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ చేసిన హనుమాన్: బాయ్ వారియర్. రెండోది గేమ్‌శాస్త్ర చేసిన దేశీ అడ్డా, అందులో కబడ్డీ, గిల్లీదండా లాంటి మన ఆటలుంటాయి. టెక్కెన్ 3 డిస్క్‌లు ప్రపంచమంతా ఉన్నాయి. నాది పోయినా ఆ గేమ్ పోదు. వీటిని కాపాడేది మాత్రం మన ఇళ్లలో ఉన్న డిస్క్‌లే. పీఎస్2 తయారీ కూడా 2013లోనే ఆగిపోయింది. మీ దగ్గర ఒరిజినల్ ఉంటే వీడియోల సంగతి తర్వాత, ముందు ఇమేజ్ తీసి రెండు చోట్ల దాచండి.

ఇదంతా మీ సొంత డిస్క్ నుంచి, మీరు చూసుకోవడానికి చేసేది. గేమ్ మీద హక్కులు కంపెనీవే. ఇమేజ్‌లు ఆన్‌లైన్‌లో పెట్టడం, పంచడం తప్పు.

వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కర్నూలు పోయా. అన్న కొడుకు ఫోన్‌లో ఒక్కొక్కటే చూస్తున్నాడు. రిపేర్ టేబుల్ మీద విప్పిన ఫోన్ వదిలేసి అన్న వెనక నిలబడ్డాడు. ఒకచోట సౌండ్ గరగరమంది.

"ఇదేంది నాయనా, చెడిపోయిందా?" అన్నాడు పిల్లోడు.

"అది వరదప్పుడు నీళ్లలో ఉండిన సీడీరా. మన షాపుదే" అన్నాడు అన్న.

వాడు వీడియో ఆపి, ఇంకా ఏమేం గేమ్‌లుండేవని అడగడం మొదలుపెట్టాడు.